పదిహేడో పంటు వద్దంది

ఆషాఢ శుద్ధ దశమి

ఈ పుస్తకంలో పనికి సంబంధించినవే రాయాలని కబురు గది నియమం. ఎన్ని కబుర్లు పంపాం, ఏ పంటుకి ఎప్పుడు అందాయి, అంతే. కానీ ఎదురు బల్ల దగ్గర కూర్చునేది సొంత తోటికోడలైనప్పుడు పని ఎక్కడ ఆగుతుందో, ఏడుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అందుకని రెండూ రాస్తాను. దీన్ని చూసి సంతకం పెట్టే గది పెద్ద తాతారావు గారు కళ్లజోడు మరిచిపోయి వచ్చిన రోజే సంతకాలు పెడతారు కాబట్టి భయం లేదు.

రేపు తొలి ఏకాదశి. అనుమతులన్నీ తుడిచేసే రోజు. తెల్లవారేసరికి నది మీద తేలే మన అరవై నాలుగు పంట్లలో ఎవరి చేతి పలకలోనూ ఏ పేజీకీ నోరు ఉండదు, కబురొచ్చినా మోగదు. ప్రతి పేజీ కొత్తగా అడగాలి, కబుర్లు వినిపించమంటారా అని. కింద రెండు మీటలుంటాయి. ఒకటి 'వినిపించు', రెండోది 'వద్దు'. అడిగేది ఒక్కసారే. 'వద్దు' నొక్కారా, వచ్చే తొలి ఏకాదశి దాకా ఆ పేజీ వాళ్లని మళ్లీ అడగడానికి లేదు. మనసు మారితే ఆ మనిషే పలక లోపలికి వెళ్లి, బొటనవేలి ముద్ర వేసి మార్చుకోవాలి. మా అత్తగారి చిన్నతనంలో ఉత్తుత్తి సైరన్లకి బెదిరిపోయి జనం నీళ్లలో దూకేవారట. అప్పటినుంచీ అడగకుండా ఏదీ మోగకూడదని చట్టం.

నాది గొలుసు పేజీ. నది ఎక్కితే ఏ పంటు తన లంగరు గొలుసు ఎన్ని బారలు వదలాలో, దిగితే ఎన్ని లాగాలో చెప్పేది నేనే. నా తోటికోడలు వకుళది చేపల పేజీ. పోయినేడు నాకు 'వినిపించు' అన్నవాళ్లు యాభై రెండు మంది, దానికి అరవై ఒక్కరు. జనాన్ని నీళ్ల మీద నిలబెట్టే పేజీకి యాభై రెండు, పులుసు ముక్కల పేజీకి అరవై ఒకటి! పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, పంటు ముంచుకునైనా తినమన్నారా?

ఈసారి దాని ఆటలు సాగవు. మేం పేజీల కోడు రాసేది ఇప్పటికీ జావాస్క్రిప్టులోనే. కోనసీమ అంతా మునిగింది గానీ అది మునగలేదు. పొద్దున్నే పలక లేవగానే అన్నిటికన్నా ముందు తెరుచుకునేది గొలుసు పేజీయే. అనుమతి అడిగే వాక్యాన్ని తెచ్చి మొట్టమొదటి వరుసలో పెట్టాను. జనం కళ్లు తెరిచేసరికి నా ప్రశ్న ఎదురుగా ఉంటుంది. వకుళ పేజీ నిద్ర లేచేలోపు నా లెక్క పూర్తవుతుంది.

తొలి ఏకాదశి

మధ్యాహ్నానికి నాకు 'వినిపించు' నలభై, 'వద్దు' ఇరవై నాలుగు.

వకుళకి తొమ్మిది. నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే దానికి 'వద్దు' ఒక్కటీ లేదు. దాని పేజీ ఎవర్నీ పైబడి అడగదు. చేపల పట్టీ కింద చిన్న మీట ఉంటుంది, 'పులస వస్తే చెప్పమంటారా?' అని. దాన్ని నొక్కినవాళ్లనే పలక అనుమతి అడుగుతుంది. కావాలని నొక్కినవాడు మళ్లీ వద్దని ఎందుకంటాడు? తక్కిన యాభై అయిదుగురూ ఇవాళ కాకపోతే రేపు నొక్కుతారు. నావాళ్లు ఇరవై నాలుగు మందీ ఇక ఏడాది దాకా నొక్కరు.

సాయంత్రం తాతారావు గారు లెక్క అడిగారు. 'అడిగినవి: అరవై నాలుగు' అని రాసి ఇచ్చాను. అది అబద్ధం కాదు, అందరినీ అడిగాను.

"అరవై నాలుగూనా? శభాష్ శేషారత్నం! నీ గొలుసు గట్టిదేనమ్మా!" అని, ఆ అంకెని గది గోడ మీద రాసేశారు.

వకుళ తలెత్తి నావైపు చూసి, "అబ్బ, భలే చేశారక్కా" అంది. అది నిజంగా సంతోషపడింది. అందుకే నాకు ఇంకా మండింది.

ద్వాదశి

ఎవరు వద్దన్నారో పట్టీ తీశాను. ఒక్కో పంటుకి ఒక గొలుసు మనిషి, ఆయన పలకే లెక్క. మూడు, ఎనిమిది, పదకొండు, పదిహేడు...

పదిహేడో పంటు గొలుసు మనిషి పేరు సూరిబాబు. అగ్నిసాక్షిగా నా చెయ్యి పట్టుకున్న మనిషి. మేముండేది ఆ పంటు మీదే.

రాత్రి అన్నం దగ్గర ఆయన పలక టింగుమంది. ఆయన చూసుకుని ముసిముసిగా నవ్వారు.

"ఏంటండీ అంత నవ్వు?"

"ఏంలేదే. మట్టగిడసలు దొరికాయంట, అయిదో పంటు కాడ. వకుళ పెట్టింది. 'మామిడికాయ ఉన్నోళ్లు ముందు రండి' అంట. ఎంత ఇదిగా రాస్తాదో చూడు."

నేను అన్నం వడ్డిస్తూనే ఉన్నాను. నా పేజీకి వద్దు, మరదలి పేజీకి వినిపించు! చెయ్యి చాచితే ఆ పలక అందుతుంది. ఏవండీ, ఒక్కసారి మీ బొటనవేలు ఇటివ్వండి అంటే ఇస్తారు, కాదనే మనిషి కాదు. కానీ పెళ్లాం అడుక్కుంటే ఇచ్చిన వేలిముద్ర నాకెందుకు? ఆయనంతట ఆయన మార్చుకోవాలి. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాత్రం నాకు రావాలి.

ఆషాఢ పున్నమి

వకుళకి యాభై ఎనిమిది.

ఏ పేజీ కోడునైనా ఎవరైనా తెరిచి చూడొచ్చు, అది తప్పేం కాదు. నేను దాని కోడు మూడు రోజుల్నుంచి చూస్తున్నాను, ఇది మాత్రం కొంచెం తప్పే. దానిలో పెద్ద విద్యేం లేదు. ముద్దుగా రాస్తుంది, అంతే అనుకున్నాను. నేనూ ముద్దుగా రాయడం మొదలుపెట్టాను. 'గొలుసులకి ఇవాళ సెలవండోయ్', 'నది బజ్జుంది, మీరూ బజ్జోండి', 'చక్రానికి నూనె పెట్టారా బాబులూ'. రోజుకి ముప్పై నలభై పంపాను. మోగుతూ ఉంటే నేను గుర్తుంటాను కదా అని.

ఫలితం: వినిపించమన్న నలభై మందిలో ఏడుగురు విసుగెత్తి పలక లోపలికి వెళ్లి మరీ వద్దని మార్చుకున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది. ఇప్పుడు 'వద్దు' ముప్పై ఒకటి. సగానికి ఒక్కటి తక్కువ.

తాతారావు గారి గోడ మీద మాత్రం ఇంకా అరవై నాలుగే ఉంది.

బహుళ సప్తమి

డెక్కు మీద అప్పడాలు ఆరబెట్టి పనికొచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. వకుళ తన కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది.

"అక్కా, ఒక మాట చెబితే కోప్పడరు కదా?"

"చెప్పు."

"మీ కబుర్లకి ట్యాగ్ లేదక్కా. అందుకే పలకలో ఒకదాని మీద ఒకటి కుప్ప పడిపోతున్నాయి. పన్నెండో పంటు వీర్రాజు గారు చూపించారు, డెబ్భై ఉన్నాయి. అన్నిటికీ ఒకటే ట్యాగ్ పెడితే కొత్తది పాతదాని చోట్లోకొచ్చి కూర్చుంటాది. రెండు నిమిషాల పని. నేను పెట్టనా?"

"వీర్రాజు గారు నాకు చూపించకుండా నీకెందుకు చూపించారు?"

"చేపలకొచ్చినప్పుడు చూపించారక్కా."

"నీ పులుసు నువ్వు చూసుకో తల్లీ. గొలుసులు నేను చూసుకుంటాను."

దాని మొహం చిన్నబోయింది. కుర్చీ వెనక్కి లాక్కెళ్లింది. ఆ కుర్చీ నేల మీద కీచుమన్న చప్పుడు రోజంతా నా చెవిలోనే ఉంది. ట్యాగ్ మాత్రం పెట్టలేదు. అది చెప్పింది కాబట్టి పెట్టలేదు.

బహుళ చతుర్దశి

వకుళకి అరవై నాలుగుకి అరవై నాలుగూ వచ్చేశాయి.

పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది కాబట్టి గొలుసు మనుషులు రెండు రోజులు పంటు అడుగున గొలుసు గదిలోనే ఉంటారు. ఆయనకి చద్దిపెరుగన్నం, దబ్బకాయ ఊరగాయ కట్టాను. నిచ్చెన దిగబోతూ ఆగి, "ఏమే, మొహం అలా పెట్టావేంటి? ఒంట్లో బాగోలేదా?" అన్నారు.

నోటి దాకా వచ్చింది, అనుమతి మార్చుకోండి అని. మింగేశాను.

"బాగానే ఉంది. దిగండి" అన్నాను.

అమావాస్య

పొద్దున ఏడింటికి గది తెరిచేసరికి పై ఆనకట్ట దగ్గర్నుంచి తీగ మీద అంకెలు వచ్చి ఉన్నాయి. గేట్లన్నీ ఒక్కసారే ఎత్తారట. ఆ నీరు మా దగ్గరికి చేరేది పదింటికి. సముద్రం పోటు కూడా పదింటికే. రెండూ ఎదురెదురుగా వచ్చి మా కిందే కలుస్తాయి. ప్రతి పంటూ నాలుగు బారలు గొలుసు వదలాలి. వదలకపోతే నీరు ఎక్కుతుంది గానీ గొలుసు పంటుని ఎక్కనివ్వదు, ముక్కు పట్టుకుని కిందే ఉంచుతుంది. అప్పుడు నీరు డెక్కు మీంచి వచ్చేస్తుంది.

మేం గదిలోకి రాగానే పంట్ల మధ్య వంతెనలు ఎత్తేశారు. జోరున వాన. గొలుసు గదికి కిటికీ ఉండదు, పక్క పంటు కేక వినపడదు. కబురు లేనిదే గొలుసు ముట్టుకోకూడదని చట్టం, ఎవరికి తోచినట్టు వాళ్లు వదిలితే పంట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. కాబట్టి అందరూ ఎదురుచూసేది నా కబురు కోసమే.

ఏడుంబావుకి పంపాను. ముప్పై మూడు పంట్లు 'వదిలాం' అని జవాబిచ్చాయి. పట్టీలో పచ్చబడ్డాయి.

ముప్పై ఒకటి బూడిదరంగులోనే ఉన్నాయి. మళ్లీ పంపాను. బూడిద. నోరు నొక్కేసిన పేజీ ఎంత అరిచినా అరుపు పలక దాకా పోదు, అది నాకు తెలుసు. తెలిసీ పన్నెండు సార్లు పంపాను. తాతారావు గారు తొమ్మిదో పంటు మీద చిక్కుపడిపోయారు. గదిలో ఉన్నది నేనూ, వకుళా.

ఎనిమిదిన్నరకి లేచి దాని బల్ల దగ్గరికెళ్లాను.

"వకుళా, నావి అందరికీ చేరడం లేదు."

"ఎవరికక్కా?"

"ముప్పై ఒక్క మందికి. వద్దని నొక్కేశారు. గోడ మీద అంకె తప్పు."

అది తిరిగి గోడ మీది అంకె చూసింది. తర్వాత, "బావగారు కూడానా?" అని అడిగింది.

తల ఊపాను.

వకుళ కళ్లు మూసుకుని తెరిచింది. నేను అడగాల్సిన పని లేకుండానే దానికి అర్థమైంది. దాని పేజీ అరవై నాలుగు పలకల్లో మోగుతుంది. కానీ జనం దానికి ఒప్పుకున్నది చేపల కోసం. ఒకదానికి తీసుకున్న అనుమతితో ఇంకోటి మోగిస్తే ఆ పేజీని వచ్చే తొలి ఏకాదశి దాకా మూసేస్తారు. ప్రాణాల మీదికొచ్చినా అంతే, ఎందుకంటే సైరన్లు మోగించినవాళ్లూ ప్రాణాల కోసమే అన్నారట.

ఇక్కడ ఒకటి రాయకపోతే ఈ పుస్తకమంతా అబద్ధమవుతుంది. దాని పేజీ మూతపడుతుందని తట్టగానే నాకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. ముప్పై ఒక్క కుటుంబాలు, నా మొగుడు, అందరూ నీటి మీద ఉన్నారు. అయినా అనిపించింది. ఒక్క క్షణమే. నా మీద నాకే అసహ్యమేసింది.

"పేజీ పోతాదక్కా" అంది వకుళ. మరుక్షణమే కుర్చీలోంచి లేచింది. "పోతే పోనీండి. ఎన్ని బారలో మీకే తెలుసు. కూర్చుని రాయండి."

రాయడం మొదలుపెట్టాను. ఇది పులస కబురు కాదు, గొలుసు కబురు, రాస్తున్నది శేషారత్నం, నా పేజీని మీరు వద్దన్నారు, తప్పు నాదే...

"అంత పొడుగు వద్దక్కా! పలకలో సగమే కనపడతాది. మొదటి ముక్కలోనే చెప్పేయాలి."

తుడిచేశాను. 'గొలుసు వదలనివాళ్లు నాలుగు బారలు వదలండి. ఇప్పుడే. శేషారత్నం.' పంపబోతుంటే అది నా చెయ్యి పట్టుకుంది.

"ట్యాగ్! ట్యాగ్ మార్చండి. పొద్దున్న రొయ్యల కబురు పెట్టాను, అది ఇంకా అందరి పలకల్లోనూ ఉంది. అదే ట్యాగ్‌తో పంపితే ఇది చప్పుడు చేయకుండా దాని చోట్లోకెళ్లి కూర్చుంటాది. ఒక్కరికీ వినపడదు."

ఆ రోజు దాని మాట విననిదాన్ని, ఇవాళ విన్నాను. కొత్త ట్యాగ్ రాశాను. మనిషి తాకేదాకా తెర మీంచి పోకుండా ఇంకో మాట అదే చేర్చింది. మీట మాత్రం నేనే నొక్కాను.

మూడు పచ్చబడింది. ఎనిమిది. పదకొండు. ఒకటొకటిగా ముప్పై అయ్యాయి. పదిహేడు బూడిదగానే ఉంది. తొమ్మిదీ నలభై. తొమ్మిదీ యాభై. కిటికీలోంచి చూస్తే వానలో మా పంటు కనపడుతోంది, ముక్కు వంగిపోయి, నేను అప్పడాలు ఆరబెట్టే చోట నీళ్లు. నేను ఏడుస్తున్నానని వకుళ నా భుజం పట్టుకున్నాక గానీ తెలియలేదు.

తొమ్మిదీ యాభై ఆరుకి పదిహేడు పచ్చబడింది. పంటు ముక్కు ఒక్క ఊపుతో పైకి లేచింది.

శ్రావణ శుద్ధ పాడ్యమి

ఇల్లంతా బురద. బియ్యం డబ్బా ఒకటి కొట్టుకుపోయింది. ఆయన చేతులు గొలుసు చక్రం తిప్పి బొబ్బలెక్కాయి. వెన్న రాస్తూ అడిగేశాను, ఇక ఆగలేక.

"నా పేజీని ఎందుకు వద్దన్నారు?"

"నేనెప్పుడన్నానే?"

"తొలి ఏకాదశి నాడు. పట్టీలో ఉంది."

ఆయన బుర్ర గోక్కున్నారు. "ఓర్నాయనో. పొద్దున్నే కళ్లు కూడా తెరవకుండా ఏదో ఎదురొచ్చింది. నిద్రమత్తులో ఏదో ఒకటి నొక్కి పడుకున్నాను. నీదని చూళ్లేదే. మరి నువ్వేం పంపకపోతే, నది నెమ్మదిగా ఉందనుకున్నాను. నిన్న పలక మోగితే చేపల కబురేలే అని చాలాసేపు చూళ్లేదు, నీ పేరు చూశాక కూడా వకుళ పేజీలో నువ్వెందుకుంటావని రెండు సార్లు చదువుకున్నాను. అందుకే ఆలస్యమైంది."

ఇరవై రోజులు నేను కుమిలిపోయింది దీనికి. ఆయన నన్ను కాదనలేదు, వకుళని ఎంచుకోలేదు. అసలు చూడనేలేదు. వకుళని గెలవాలని నేనే తెల్లవారకుండా జనం మొహాల మీదికెళ్లి అడిగాను, నిద్రమొహాలు నన్ను తోసేశాయి.

సాయంత్రం తాతారావు గారు, ఈసారి కళ్లజోడుతో, ఇద్దరినీ నిలబెట్టారు. నేను నా అంకె సంగతి చెప్పేశాను. మీట నొక్కింది నేనే, నా పేజీ మూసేయండి అన్నాను.

"గొలుసు పేజీ మూస్తే అందరం మునుగుతాం కదమ్మా. ఎవరి నోట్లోంచి వచ్చిందో ఆ నోరే మూయాలి, చట్టం అలా ఉంది. నాకు మాత్రం సరదానా?" అన్నారాయన. వకుళ పేజీని వచ్చే తొలి ఏకాదశి దాకా మూసేశారు. నాకు పడింది ఒకటే: ఇకమీద ఒప్పుకున్నవాళ్ల అంకె, వద్దన్నవాళ్ల అంకె రెండూ నా చేత్తో రోజూ గోడ మీద రాయాలి.

ఇవాళే రాశాను. ముప్పై ఒక్క మందీ ఎవరూ అడగకుండానే పలక లోపలికెళ్లి మార్చుకున్నారు. వినిపించు అరవై నాలుగు, వద్దు సున్నా. తొమ్మిదేళ్లుగా కోరుకున్న అంకె. రాసి వెనక్కి తిరిగితే వకుళ ఖాళీ తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

శ్రావణ శుద్ధ విదియ

ఎర్రనీటికి ఎదురీదుతూ పులస వచ్చింది. ఈ ఏడాది ఇదే మొదలు. అరవై నాలుగో పంటు వలలో పడ్డాయని పొద్దున్న కబురు గదికే ముందు తెలిసింది. వకుళ విని, అలవాటుగా మీటల మీదికి చెయ్యి పోనిచ్చి, తీసేసుకుంది. నేను పంపడానికి లేదు, జనం నాకు ఒప్పుకున్నది గొలుసులకే.

కాళ్లకి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. వంతెనలు దించారు. చెప్పులేసుకుని బయల్దేరాను. ఒకటో పంటు నుంచి వరసగా.

"పులసొచ్చింది, చివరి పంటు దగ్గర!"

"అయ్యో రత్నమ్మా, ఇంత బురదలో నువ్వే వచ్చి చెప్పావా! ఎంత మంచిదానివమ్మా" అంది ఒకటో పంటు ఆవిడ. రెండో పంటులో మజ్జిగ ఇచ్చారు. మూడో పంటు ముసలాయన దణ్ణం పెట్టాడు. తియ్యగా ఉంది. అయిదు పంట్ల దాకా ఆ తీపి నేనే ఉంచుకున్నాను. ఆరో పంటు వంతెన మధ్యలో ఆగిపోయాను. తర్వాత వెనక్కి తిరిగి, ఆ అయిదింటికీ మళ్లీ వెళ్లి చెప్పాను, నన్ను పంపింది వకుళ అని. నిజానికి అది పంపలేదు. ఆ అబద్ధం ఈ పుస్తకంలో నా లెక్కలోనే వేస్తున్నాను.

పదిహేడుకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆయన డెక్కు మీద బురద కడుగుతున్నారు.

"పులసొచ్చిందండీ."

"అవునా! ఎవరు చెప్పారే?"

"మీ మరదలు."

ఆ మాట వినగానే ఆయన మొహం చేటంత అయింది. "చూశావా? నోరు మూసేసినా మనల్ని మర్చిపోలేదు పిచ్చిది. బంగారమే అది!" అన్నారు.

ఇరవై రోజుల కిందట నాకెంత మండిందో ఇప్పుడూ అంతే మండింది, ఆవగింజంత కూడా తగ్గలేదు.

"అవునండీ, బంగారమే" అన్నాను.

ఇంకా నలభై ఏడు పంట్లున్నాయి. పద్దెనిమిదో పంటు వంతెన ఎక్కాను.